నెల తప్పేలోపు పద్నాలుగు రోజులు

మనలో ఎక్కువమందిమి ఎంపీసీ బ్యాచ్. బయాలజీకి పదో తరగతి పబ్లిక్ పరీక్ష రోజునే దండం పెట్టి వచ్చేశాం. ఆ పుస్తకంలో పునరుత్పత్తి పాఠం ఎలా ఉండేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అండం, శుక్రకణం కలుస్తాయి, సంయుక్తబీజం ఏర్పడుతుంది, అది విభజన చెందుతూ వచ్చి గర్భాశయ గోడకు అంటుకుంటుంది, ఆ తర్వాత తొమ్మిది నెలల కథ. మా బళ్లో అయితే ఆ నాలుగు పేజీలు "ఇంటి దగ్గర చదువుకోండి" ఖాతాలో పోయాయి. అది వేరే సంగతి.

ఆ పాఠంలో నన్ను ఇప్పుడు ఆపేసే మాట "అంటుకుంటుంది". కవరుకి స్టాంపు అంటుకున్నట్టు, గోడకి పోస్టరు అంటుకున్నట్టు ఒక్క క్రియలో తేల్చేశారు. ఆ ఒక్క క్రియలో దాదాపు వారం రోజుల పని ఉంది. ఎన్నో గర్భాలు ఎవరికీ తెలియకుండా ముగిసిపోయేది కూడా ఆ వారంలోనే.

ఇంజనీరింగ్ చదివే నాకు ఇదంతా ఎందుకంటే, పోయినేడాది మా పెద్దమ్మ కూతురు ఐవీఎఫ్ చేయించుకుంది. ల్యాబు వాళ్లిచ్చిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "నువ్వు చదువుకుంటున్నావు కదా, ఇదేంటో చూసి చెప్పు" అంది. కాగితం మీద "డే 5, 4ఏఏ" అని ఉంది. మనకి తెలిసిన ఏఏలు వేరు. ఆ రెండక్షరాల అర్థం కోసం మొదలుపెట్టి ఎంబ్రియాలజీ పాఠాల్లోకి దిగాను. ఈలోపు ఆ మొదటి ప్రయత్నం నిలవలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు అక్కని అడిగిన ప్రశ్నలు మీ ఇళ్లలోనూ వినే ఉంటారు: "మెట్లెక్కావా? బొప్పాయి ఏమన్నా తిన్నావా? బండి మీద కూర్చున్నావా? ఆఫీసుకెందుకు పోయావు?" ప్రతి ప్రశ్నా అక్క ఏదో చేసిందనే అంటోంది. అసలు ఆ రోజుల్లో లోపల జరిగేదేంటో తెలిస్తే ఆ ప్రశ్నల్లో ఎన్ని మిగులుతాయో చూద్దామనే ఈ వ్యాసం.

ఒక్క మాట ముందే. మన భాషలో ఈ వ్యవహారానికి భలే మాటలున్నాయి. నెల తప్పడం, గర్భం నిలవడం. గర్భం రావడం ఒకటి, నిలవడం ఇంకొకటి అని మన నాయనమ్మలు ఎప్పటినుంచో విడదీసే మాట్లాడారు. నేను చెప్పబోయేది నిలవడం గురించే.

ఫలదీకరణ జరిగిన రోజుని సున్నాగా పెట్టుకుని లెక్కేద్దాం. మనకి అరేలు అలవాటే కదా.

చాలామంది అనుకునేట్టు అండం, శుక్రకణం కలిసేది గర్భాశయంలో కాదు. అండాశయం నుంచి గర్భాశయానికి వచ్చే సన్నటి గొట్టంలో, ఫెలోపియన్ ట్యూబులో, అదీ అండాశయం వైపు ఉన్న వెడల్పు భాగంలో. విడుదలైన అండం దాదాపు ఒక రోజే బతుకుతుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు. ఒంట్లో ఉన్న కణాల్లో ఇదే పెద్దది, కంటికి ఆనీ ఆననట్టుంటుంది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం దాని సైజు కాదు, వయసు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ మొదలైపోతాయి. అంటే మీరు పుట్టడానికి కారణమైన ఆ కణం మీ అమ్మమ్మ కడుపులో, మీ అమ్మలో తయారైంది. అక్కడ క్రోమోజోముల పంపకం సగంలో ఆగిపోయి, పాతికేళ్లో ముప్ఫైయేళ్లో అలాగే ఆగి ఉండి, అండం విడుదలయ్యే ముందు మళ్లీ కదులుతుంది. అన్నేళ్లు క్రోమోజోముల జతల్ని పట్టి ఉంచిన ప్రొటీన్ కట్లు వయసుతో పాటు సడలుతాయి. పంపకంలో ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో పోవడానికి ఇదొక పెద్ద కారణం. ముప్ఫై అయిదు దాటాక ఈ తప్పులు బాగా పెరుగుతాయని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

కలిసిన తర్వాత సుమారు 30 గంటలకి మొదటి విభజన. రెండో రోజుకి 4 కణాలు, మూడో రోజుకి 8. కణాల సంఖ్య పెరుగుతుందే కానీ మొత్తం సైజు పెరగదు. ఒకే లడ్డూని కోస్తూ పోవడమన్నమాట. బయట నుంచి రక్తం ద్వారా తిండి వచ్చే దారి ఇంకా లేదు. అండం తనతో తెచ్చుకున్న సరుకు, చుట్టూ ఉన్న ద్రవం, అంతే. ఇంకో విశేషం, మొదటి రెండు రోజులు కొత్త పిండం సొంత జన్యువులు దాదాపుగా నోరు విప్పవు. అమ్మ అండంలో ముందే రాసిపెట్టిన సందేశాల మీదే పని నడుస్తుంది. కంప్యూటరు ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ కాకుండా ముందు చిన్న బూట్ ప్రోగ్రాం నడుస్తుంది చూడండి, అలాగ. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో పిండం సొంత జన్యువులు పెద్దఎత్తున పని అందుకుంటాయి. నాన్న వాటా మాట్లాడటం అప్పుడే మొదలవుతుంది. ఈ బదిలీ దగ్గర చాలా పిండాలు ఆగిపోతాయి. ఐవీఎఫ్ ల్యాబుల్లో ఫలదీకరణ జరిగిన వాటిలో సుమారు సగమే అయిదో రోజు దశకి చేరతాయి. పోయినవాటి కోసం ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరూ మెట్లెక్కలేదు. అవి గాజు పాత్రలో, స్థిరమైన వేడిలో ఉండగానే ఆగాయి.

నాలుగో రోజుకి కణాలు ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకుని మల్బరీ పండులా కనిపిస్తాయి. లాటిన్‌లో మల్బరీ పేరే దీనికి పెట్టారు, మోరులా అని. హిందూపురం వైపు పట్టుపురుగుల పెంపకం చూసినవాళ్లకి ఆ పండు తెలిసే ఉంటుంది. ఈ సమయానికి పిండం ట్యూబు దాటి గర్భాశయంలోకి జారుతుంది. తనంతట తాను ఈదలేదు. ట్యూబు లోపలి సన్నటి కేశాలూ, కండరాల అలలూ దాన్ని తోస్తూ తెస్తాయి.

ఇక్కడ మొట్టమొదటి విభేదం వస్తుంది. గుత్తిలో బయట ఉన్న కణాలు ఒక దారి, లోపల ఉన్నవి ఇంకో దారి. బయటి కణాలు సోడియంని లోపలికి పంపు చేస్తాయి, దాని వెనకాల ఆస్మాసిస్‌తో నీళ్లు వస్తాయి, మధ్యలో ఒక నీటి గది ఏర్పడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో బట్టీపట్టిన ఆస్మాసిస్ ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు. అయిదో రోజుకి తయారైన ఈ నీటి బుడగనే బ్లాస్టోసిస్ట్ అంటారు. నూరు, నూటయాభై కణాలుంటాయనుకోండి. వాటిలో బుడగ లోపల ఒక మూల ముద్దగా ఉన్న కొద్ది కణాలే బిడ్డ అయ్యేవి. మిగతా గోడంతా మాయ అవుతుంది, అంటే ప్రసవంలో బిడ్డ తర్వాత వచ్చే మాయ. పిండం తీసుకున్న మొదటి నిర్ణయం చెయ్యి ఎక్కడ, గుండె ఎక్కడ అని కాదు. తల్లితో బేరమాడే పార్టీ ఎవరు అని. ముందు మాయ, తర్వాతే బిడ్డ.

అక్క కాగితం మీద రాతకి అర్థం ఇక్కడ దొరికింది. 4 అంటే బుడగ ఎంత సాగిందో చెప్పే అంకె, ఒకటి నుంచి ఆరు దాకా ఉంటుంది. మొదటి ఏ లోపలి ముద్దకి, రెండో ఏ బయటి గోడకి. రెండూ చూడ్డానికి బాగున్నాయని. చూడ్డానికే. మైక్రోస్కోపులో ఎంత అందంగా కనిపించినా లోపల క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉందో లేదో ఆ గ్రేడు చెప్పదు. మన సీజీపీఏ లాంటిదే.

సాహిత్య క్లబ్బు పత్రిక కాబట్టి ఒక పక్కదారి. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భంలో జీవుడి సంగతి చెప్పే ఘట్టం ఉంది. అక్కడ మొదటి రాత్రికి కలలం, అయిదు రాత్రులకి బుద్బుదం, పది రోజులకి రేగుపండంత అని క్రమం చెప్తారు. అయిదో రోజు బుడగ! ఈ ముక్క వరకు కత్తిరించి "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అని ఫార్వర్డు చేసేవాళ్లకి కొదవలేదు. కానీ పదో రోజు రేగుపండు దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. పదో రోజు పిండం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మైక్రోస్కోపు లేని కాలంలో కంటికి కనిపించని దాన్ని ఊహించాలనుకున్నారు, దానికి క్రమం ఉంటుందనుకున్నారు, బుద్బుదం అని చక్కటి మాట ఎంచుకున్నారు. నాకు అది చాలు.

ఇప్పుడు అవతలి పక్క. ఇంతవరకు పిండం ఏం చేస్తోందో చూశాం. గర్భాశయం ఏం చేస్తోంది?

మన సంస్కృతిలో స్త్రీని క్షేత్రం అనీ, పురుషుడిది బీజం అనీ చెప్పడం పాత అలవాటు. నేల ఊరికే పడి ఉంటుంది, గింజ మంచిదైతే మొలుస్తుంది, మొలవకపోతే నేల చవుడు. ఈ పోలిక రెండు పక్కలా తప్పని నాకు చదివేకొద్దీ అనిపించింది. 1960ల్లో ఎలుకల పిండాల్ని తీసి పెద్ద ఎలుకల మూత్రపిండం పొర కింద పెట్టి చూశారు. అక్కడా చొచ్చుకుని పెరగడం మొదలుపెట్టాయి. మనుషుల్లో కూడా పిండం దారి తప్పి ఫెలోపియన్ ట్యూబులోనే పాతుకుపోవడం అరుదేం కాదు, ప్రతి నూరు గర్భాల్లో ఒకటో రెండో అలా అవుతాయి. అది ట్యూబుని చీల్చి ప్రాణం మీదకి తెస్తుంది. అంటే పిండానికి ఎక్కడైనా దూరే తెగువ ఉంది. నెలలో ఎక్కువ రోజులు దాన్ని రానివ్వని చోటు, విచిత్రంగా, గర్భాశయమే. అది పరుపు కాదు, గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్.

ఆ గేటు నెలలో కొద్ది రోజులే తెరుచుకుంటుంది. 28 రోజుల నెలసరి అనుకుంటే సుమారు 20 నుంచి 24వ రోజు వరకు. తెరిచే తాళంచెవి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన ఖాళీ గూడు పసుపు రంగు ముద్దగా మారి ఈ హార్మోనుని తయారుచేస్తుంది. దాన్ని కార్పస్ లూటియం అంటారు, లాటిన్‌లో పసుపు దేహం అని అర్థం. మన ఇళ్లలో శుభకార్యం ఏదైనా పసుపు ముద్దతోనే కదా మొదలయ్యేది. ప్రొజెస్టెరాన్ తగిలాక గర్భాశయం లోపలి పొర ఉబ్బుతుంది, గ్రంథులు పోషక ద్రవాన్ని స్రవిస్తాయి, కణాల పైభాగం మారుతుంది, వాటి మీద కొత్త రకం చక్కెర అణువులు మొలుస్తాయి. ఈ గడువుకి ముందొచ్చినా తర్వాతొచ్చినా పిండం ఎంత బాగున్నా లాభం లేదు.

ఆరో రోజున పిండం, ఇన్నాళ్లూ తన చుట్టూ ఉన్న గట్టి పెంకుని చీల్చుకుని బయటకొస్తుంది. కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని వచ్చినట్టే, దీనికీ పొదగడం అనే మాటే వాడతారు. ఆ పెంకు అంతవరకూ ట్యూబుకి అతుక్కోకుండా కాపాడింది. ఇప్పుడు అది అక్కర్లేదు. ఇక దిగాలి. కానీ గర్భాశయం లోపల ద్రవం కదులుతూ ఉంటుంది, గోడ ముడుచుకుంటూ ఉంటుంది. కదిలే చోట ఆగడం ఎలా? 2003లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు దీనికి ఒక జవాబు ప్రచురించారు. తెల్ల రక్తకణాలు దెబ్బ తగిలిన చోట దిగాలంటే పరిగెత్తే రక్తంలో రక్తనాళపు గోడ మీద దొర్లుతూ, పట్టుకుంటూ వదులుతూ, వేగం తగ్గించుకుని ఆగుతాయి. అందుకు వాటికి ఎల్-సెలెక్టిన్ అనే కొక్కెం లాంటి అణువు ఉంది. పిండం బయటి కణాలు కూడా పెంకు విడిచాక సరిగ్గా అదే కొక్కేన్ని బయటపెడతాయి. అది తగులుకునే చక్కెర అణువులు, నేను పైన చెప్పానే, గోడ మీద ప్రొజెస్టెరాన్ మొలిపించినవి. ఇద్దరూ వేర్వేరుగా తయారై వచ్చి ఒకరి కొక్కెం ఒకరి కొయ్యకి తగిలించారన్నమాట. నెట్‌వర్క్స్ క్లాసులో హ్యాండ్‌షేక్ అని చెప్పేది ఇదే. రెండు వైపులా సంకేతం వెళ్తేనే కనెక్షన్.

ఆగాక గట్టిగా అతుక్కోవడం, ఆ తర్వాత చొచ్చుకోవడం. పిండం బయటి కణాలు కొన్ని తమ మధ్య గోడలు తీసేసుకుని, ఎన్నో కేంద్రకాలున్న ఒకే పెద్ద ముద్దగా కలిసిపోతాయి. ఆ ముద్ద గర్భాశయపు పొరని కరిగించుకుంటూ లోపలికి పోతుంది. కణాల్ని ఇలా కలిపే ప్రొటీన్ పేరు సిన్సిటిన్. అది ఎక్కడినుంచి వచ్చిందో 2000లో బయటపడింది. కోట్ల సంవత్సరాల క్రితం మన కోతి పూర్వీకులకి సోకి, వాళ్ల జన్యువుల్లోనే ఇరుక్కుపోయిన ఒక వైరస్‌ది. వైరస్ కణంలోకి చొరబడటానికి వాడిన పనిముట్టుని మనం మాయ కట్టుకోవడానికి వాడుకుంటున్నాం. పాత పనికిరాని కోడ్‌లోంచి ఒక ఫంక్షన్ ఎత్తుకొచ్చి ప్రాజెక్టు పూర్తిచేసిన సీనియర్లు మనకి కొత్త కాదు కదా.

పాడి ఉన్న ఇళ్లవాళ్లకి ఇంకో తేడా చెప్పాలి. గేదె ఈనాక మాయ పడిందా లేదా అని రైతు కాచుకుని కూర్చుంటాడు. గేదెలూ ఆవుల్లో మాయ గర్భాశయం పై పొరకి బొత్తాలు పెట్టినట్టు తగులుకుంటుందే కానీ లోపలికి తవ్వుకుని పోదు. పైగా ఆవు పిండం మూడో వారం దాకా తగులుకోవడమే మొదలుపెట్టదు. మనిషి పిండం అలా కాదు. ఏడో రోజుకే మొదలుపెట్టి, పదీ పన్నెండు రోజులకల్లా పూర్తిగా పొర కిందకి వెళ్లిపోతుంది. వెళ్లిన రంధ్రం మీద రక్తం గడ్డలాంటి చిన్న మూత పడుతుంది. పిండం తల్లి రక్తనాళాల్ని కూడా తెరిచేస్తుంది. ఇంత దూకుడు మిగతా జంతువుల్లో తక్కువ.

ఇంత తొందరెందుకంటే ఒక లాస్ట్ డేట్ ఉంది. ఆ పసుపు ముద్ద ఆయుష్షు సుమారు రెండు వారాలే. అది ఎండిపోతే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పొర ఊడిపోతుంది, నెలసరి వచ్చేస్తుంది, పొరతో పాటు పిండమూ పోతుంది. కాబట్టి ఈలోపు "నేనున్నాను, ఆగండి" అని పిండం కబురు పెట్టాలి. ఆ కబురే హెచ్‌సీజీ అనే హార్మోను. పిండం ముద్ద దాన్ని తల్లి రక్తంలోకి వదులుతుంది, అది అండాశయానికి చేరి పసుపు ముద్దని బతికిస్తుంది. మెడికల్ షాపులో కొనే కిట్టు మీద రెండో గీత కనిపించేది ఈ హెచ్‌సీజీ మూత్రంలోకి రావడం వల్లనే. నెల తప్పడం అంటే ఆ కబురు టైముకి అందిందని.

టైము ఎంత ముఖ్యమో చెప్పే ఒక అధ్యయనం ఉంది, నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది. అమెరికాలో నార్త్ కరోలినాలో, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 221 మంది ఆడవాళ్లు రోజూ పొద్దున్నే మూత్రం శాంపిల్ తీసి దాచి ఇచ్చారు. విల్‌కాక్స్ అనే శాస్త్రవేత్త బృందం ప్రతి శాంపిల్‌లో హెచ్‌సీజీ మొదటిసారి ఏ రోజు కనిపించిందో చూసింది. 1999లో వచ్చిన లెక్క ఇది. ఆరు వారాలు దాటి నిలిచిన గర్భాల్లో 84 శాతం, అండం విడుదలైన 8, 9, 10 రోజుల్లోనే పాతుకున్నాయి. తొమ్మిదో రోజులోపు పాతుకున్నవాటిలో తొందరగా పోయినవి 13 శాతం. పదో రోజైతే 26. పదకొండో రోజైతే 52. ఆ తర్వాతైతే 82. ఒక్కో రోజుకి నష్టం రెట్టింపు. ఇదే బృందం 1988లో ప్రచురించిన ఇంకో లెక్క ఇంకా పెద్దది. హెచ్‌సీజీ కనిపించిన గర్భాల్లో మొత్తం 31 శాతం నిలవలేదు. అందులో ఎక్కువ భాగం, మొత్తంలో 22 శాతం, గర్భం వచ్చిందని డాక్టరుకి తెలిసేలోపే పోయాయి. రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని మర్చిపోయి ఉంటారు. వీళ్లంతా మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లే.

ఆ ఆలస్యాల వెనకా ఆ నష్టాల వెనకా చాలాసార్లు ఉండేది నేను మొదట గుర్తుంచుకోమన్న క్రోమోజోముల పంపకం తప్పే. తొందరగా పోయిన గర్భాల్ని పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో క్రోమోజోముల లెక్క తప్పింది. అది సున్నా రోజుకి ముందే జరిగిపోయిన తప్పు.

ఇక్కడ గర్భాశయం పాత్ర ఇంకోసారి మలుపు తిరుగుతుంది. చాలా జంతువుల్లో పిండం తగిలాకే పొర గట్టిగా మారుతుంది. మనుషులూ, కోతుల్లో కొన్నీ, గబ్బిలాల్లో కొన్నీ, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టే జాతుల్లో మాత్రం పిండం వచ్చినా రాకపోయినా ప్రతి నెలా పొర ముందే సిద్ధమైపోతుంది. అవసరం లేకపోతే ఊడిపోతుంది. ఆ ఊడిపోవడమే నెలసరి. ముట్టు అని మూల కూర్చోబెట్టేది దీన్నే అని తెలిశాక ఆ మూల నాకు ఇంకా సిగ్గుగా కనిపిస్తోంది. సరే, ముందే ఎందుకు సిద్ధమవ్వాలి? పిండం ఇంత దూకుడుగా చొచ్చుకునేది కాబట్టి, వచ్చేసరికే కాపలా నిలబడి ఉండాలని కొందరి వాదన. కాపలా ఒక్కటే కాదు, పరీక్ష కూడా. 2012లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శాస్త్రవేత్తలు ఈ పొర కణాల్ని పళ్లెంలో పెంచి, మధ్యలో గీత గీసి ఖాళీ చేసి, ఆ ఖాళీలో ఒకసారి మంచి పిండాన్ని, ఒకసారి బాగా లేని పిండాన్ని పెట్టారు. మామూలుగా పిల్లలు పుట్టిన ఆడవాళ్ల కణాలు మంచి పిండం వైపు పాకి వెళ్లాయి, బాగా లేనిది పెడితే అంతగా కదల్లేదు. పదేపదే గర్భస్రావం అయ్యేవాళ్ల కణాలేమో రెండిటి వైపూ పాకాయి.

ఈ ఫలితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పదేపదే గర్భం పోతోందంటే "ఆమె గర్భసంచి పట్టుకోలేకపోతోంది" అంటారు ఇళ్లలో. ఈ ప్రయోగంలో కనిపించింది తలకిందులు. వాళ్లలో కొందరి గర్భాశయం కాదనలేకపోతోంది. గేటు దగ్గర ఆగిపోవాల్సిన వాటిని లోపలికి రానిచ్చి, ఆ తర్వాత వారాల్లో పోగొట్టుకుంటోంది. అందరి విషయంలోనూ ఇదే కారణమని కాదు. థైరాయిడ్, రక్తం గడ్డకట్టే జబ్బులు, గర్భాశయం ఆకారం, ఇలా వేరేవీ ఉంటాయి, డాక్టరు చూడాల్సినవి. కానీ "పట్టుకోలేదు" అనే మాట ఇంత సులువుగా అనేయకూడదని నాకు అర్థమైంది.

ఇప్పుడు చుట్టాల ప్రశ్నలకి వద్దాం. మెట్లు: పిండం రెండు మెత్తటి గోడల మధ్య, పలచటి ద్రవంలో ఉంది. అది జేబులో గోలీ కాదు, మెట్లెక్కితే జారిపడటానికి. పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకోబెట్టడం వల్ల గర్భం నిలిచే అవకాశం పెరగదని ఐవీఎఫ్ మీద జరిగిన పరీక్షల్లో తేలింది. అక్కని మాత్రం పది రోజులు మంచం దిగనివ్వలేదు, ఆ పది రోజులు సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టానంది. ఆఫీసు, బండి, అవీ ఈ లెక్కలోకే వస్తాయి. ఆమెని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పిండంలో క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయా? దాన్ని గర్భాశయం గడువులోనే పెట్టారా?

ఆ రెండో ప్రశ్నని మన దేశంలో చాలా ముందే పట్టుకున్న మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1978 జులై 25న ఇంగ్లండ్‌లో పుట్టింది. ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ అనే ముగ్గురి పని అది. అదే ఏడు అక్టోబరు 3న కలకత్తాలో రెండో పాప పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖర్జీ పని. ఆయన చేసిన తేడా చూడండి. అండాలు ఎక్కువ రావడానికి హార్మోను ఇంజెక్షన్లు ఇస్తే, ఆ నెలలో గర్భాశయం పొర గాడి తప్పే ప్రమాదం ఉంది. అందుకని ఆయన పిండాన్ని గడ్డకట్టించి దాచి, ఆ తర్వాతి మామూలు నెలసరిలో, గేటు తెరుచుకునే రోజులు చూసి పెట్టారు. అండం నెలనీ గర్భాశయం నెలనీ విడదీశారు. ఈరోజు ప్రతి ఐవీఎఫ్ సెంటరులోనూ ఫ్రోజెన్ సైకిల్ అని రోజూ చేసేది దాదాపు ఇదే. కానీ అప్పటి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు. పేపరు చదవడానికి జపాన్ వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నారు. ముంబయిలో 1986లో ఐవీఎఫ్ బిడ్డకి ప్రాణం పోసిన బృందంలోని శాస్త్రవేత్త ఆనంద్ కుమార్, ముఖర్జీ నోట్సు చదివి, మొదటివాడు తాను కాదు ఆయనే అని 1997లో బహిరంగంగా చెప్పారు. సైన్సులో ఇలా తన కిరీటం తీసి పక్కవాడి తల మీద పెట్టినవాళ్లు ఎక్కువమంది ఉండరు.

గర్భాశయం గేటు వయసుతో అంతగా ముసలిది కాదనడానికి మన గుంటూరులోనే ఉదాహరణ ఉంది. 2019 సెప్టెంబరులో 70 దాటిన ఒకామెకి, వేరే స్త్రీ అండంతో, హార్మోన్లతో పొరని సిద్ధం చేసి, ఐవీఎఫ్ ద్వారా కవలలు పుట్టారు. పేపర్లన్నీ రాశాయి. అలా చేయడం సబబా అంటే కాదనే నా అభిప్రాయం, తర్వాత 2021లో వచ్చిన చట్టం కూడా ఈ చికిత్సకి స్త్రీ వయసు 50 దాటకూడదంది. కానీ ముసలితనం వచ్చేది ప్రధానంగా అండానికి, గర్భాశయానికి కాదు అని ఆ సంఘటన నిరూపించింది.

మా అక్కవి ఇంకా రెండు పిండాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉన్నాయి. ఈసారి ఏ రోజు పెడతారో, ఎందుకు ఆ రోజో తనే డాక్టర్ని అడిగి రాసుకుంది.

మిగిలింది రెండో వారం చివర. పొర కింద పూడుకున్నాక లోపలి ముద్ద రెండు పొరల బిళ్లగా మారుతుంది. పద్నాలుగో రోజు దగ్గర ఆ బిళ్ల మీద ఒక గీత తేలుతుంది. తల ఎటు, కాళ్లు ఎటు, కుడి ఎడమ ఏవి, అన్నీ ఆ గీత నుంచే. ఆ గీత వచ్చాక ఇక పిండం రెండుగా విడిపోయి మామూలు కవలలవడం సాధ్యం కాదు. అంతవరకు అది ఒకరో ఇద్దరో కూడా తేలనట్టే. ప్రయోగశాలలో మానవ పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదని 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ చెప్పింది ఈ గీత చూసే. 1990లో అక్కడ చట్టమైంది, చాలా దేశాలు అదే గీటు పెట్టుకున్నాయి, మనమూ. 2016లో కేంబ్రిడ్జిలోనూ న్యూయార్క్‌లోనూ రెండు ల్యాబులు గర్భాశయం లేకుండానే గాజు పాత్రలో పిండాల్ని 12, 13 రోజుల దాకా పెంచి, గడువు దగ్గరపడటంతో ఆపేశాయి.

తల్లి కడుపులో అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే నెలసరి రావాల్సిన తేదీ దాటుతుంది. కిట్టు కొంటారు, రెండు గీతలు వస్తాయి, హాస్పిటల్‌కి వెళ్తారు. డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు కాబట్టి, పుట్టి రెండు వారాలు, సైజు మిల్లీమీటరు కూడా లేని దానికి కార్డు మీద "4 వారాలు" అని రాస్తారు.